కొసరు పిచ్చుక

చదువవలసిన భాగములు: లూకా 12:6, 7; ద్వితీయోపదేశకాండము 22:6, 7; యోబు 38:25–27.



రెండేండ్ల క్రిందట ఒక ఆదివారమున మా సంఘములో నేను పిచ్చుకలను గూర్చి వాక్యము చెప్పితిని. మాది ద్రాక్షారామమునకు దగ్గరి పల్లె. కాపరిగారు ఊరిలో లేనప్పుడు పెద్దలలో ఎవరమో ఒకరము నిలువబడి నాలుగు మాటలు చెప్పుట మా వాడుక. ఆ దినము నా వంతు. దేవుడు పిచ్చుకను సహితము మరువడు గనుక మనమును పక్షులయెడల కనికరము చూపవలెనని ధైర్యముగా చెప్పి కూర్చుంటిని. ఆరాధన ముగిసి మందిరము వెలుపల చెప్పులు తొడుగుకొనుచుండగా ఒక సహోదరుడు నా యొద్దకు వచ్చెను. అతడు సెంటు భూమి లేనివాడు. నాట్లకు, కోతలకు కూలికి పోవును. పనులు లేని దినములలో కాలువ గట్లమీదను చేలలోను వల పన్ని కొంగలను, నీటికోళ్ళను, పరజలను పట్టి అమ్మును. ఈ సంగతి ఊరిలో అందరికిని తెలిసినదే.

“మేష్టారూ, ఒక్క మాటండి,” అనెను. “ఆ పిచ్చుకలకి కాసని వెల కట్టిందెవరండీ? సంతలోవాళ్ళే కదండీ. అంటే అప్పుడూ పట్టేవోళ్ళు ఉన్నారు, అమ్మేవోళ్ళు ఉన్నారు. వాళ్ళని ప్రభువు ఒక్క మాటన్నా అన్నాడాండీ?”

నా యొద్ద జవాబు లేకపోయెను. అంతకన్న కష్టమైన సంగతి మరియొకటి కలదు. ఆ మాటకు అయిదారేండ్ల ముందు క్రిస్మసుకు మా యింటికి చుట్టములు వచ్చినప్పుడు అతని యొద్దనే నేను రెండు జతల పరజలు కొంటిని. కాళ్ళకు కొబ్బరి పీచు త్రాడు కట్టి, తలక్రిందుగా పట్టుకొని తెచ్చి మా అరుగుమీద పెట్టెను. బేరము కూడ ఆడితిని. అతడు ఆ సంగతి ఆ దినమున ఎత్తలేదు. అతని మర్యాదయే నన్ను మరి యెక్కువగా బాధించెను.

ఇంటికి వచ్చి రెండు సువార్తలను ప్రక్క ప్రక్కను పెట్టుకొని చదివితిని. మత్తయి లెక్కలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకా లెక్కలో రెండు కాసులకు అయిదు. ముప్పది నాలుగేండ్లు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఈ తేడా ఇన్నాళ్ళు కంటికి ఆనకపోవుట సిగ్గుగా తోచెను. కాసుకు రెండు చొప్పున రెండు కాసులకు నాలుగే రావలెను గదా. అయిదవది ఎక్కడిది? మన సంతలో కిలో వంకాయలు కొన్నవాడు కొసరు అడుగును. అమ్మువాడు విసుగుకొనుచునే మరియొక కాయ వేయును. అయిదవ పిచ్చుక ఆ కొసరు. దానికి వెల లేదు. కొన్నవాడు దానికొరకు ఏమియు ఇయ్యలేదు; అమ్మినవాడు దానిని నష్టముగా ఎంచనులేదు. ఎవరి లెక్కలోనికిని రాని ఆ పిట్ట దేవుని లెక్కలో ఉన్నదని ప్రభువు చెప్పెను.

ఆ సహోదరుడు అడిగినది నిజమే. యూదయ దేశపు సంతలో పిచ్చుకలు బీదల మాంసము. వాటిని అమ్మువారిని ప్రభువు అక్కడ గద్దింపలేదు. అయితే వెల ఉన్న నాలుగు పిట్టల సంగతి సంత చూచుకొనును. వెల లేని అయిదవదాని సంగతి ఎవరు చూచుకొందురు? మన అక్కరకు రాని జీవికి మనము ఏమైనను ఋణపడియున్నామా? ఈ ప్రశ్న నన్ను విడువలేదు.

నా మేనల్లుడు కాకినాడలో ఒక కళాశాలలో జంతుశాస్త్రము బోధించును. సెలవు దొరికినప్పుడెల్ల మెడకు దుర్భిణి తగిలించుకొని పక్షులను చూడబోవుట అతనికి అలవాటు. ఇంటిలోనివారు నవ్వుదురు, నేనును నవ్వినవాడనే. నా ప్రశ్న విని, “మామయ్యా, ఇది కుర్చీలో కూర్చుంటే తేలేది కాదు. సంక్రాంతి తరువాత నాతో రండి. తడి నేల, పొడి నేల రెండూ చూపిస్తాను,” అనెను. ఆలాగే గత జనవరిలో బయలుదేరితిమి.

తడి నేల చూచుటకు మాకు దూరము పోవలసిన పని లేదు. ద్రాక్షారామములో భీమేశ్వరాలయ గోపురము కనబడునంత మేర అంతయు వరిచేలే. దాళ్వాకు దమ్ము చేయుచున్న ట్రాక్టరు వెనుక తెల్లకొంగలు బడి పిల్లల వలె బారులు తీరి నడచుచుండెను. చక్రము దొర్లినచోట పైకి వచ్చు పురుగును, కప్పను అవి ఏరుకొని తినును. గట్టున గుడ్డికొంగ కదలక కూర్చుండి, కాలు మోపబోవు వరకు ఉండి, ఒక్కసారిగా తెల్లని రెక్కలు విప్పి లేచెను. కాలువమీది తీగెపైన లకుముకి పిట్ట. డెబ్బది యేండ్లు ఈ గట్లమీద నడచియు నేను వీటిని చూడలేదని చెప్పవలెను. చూచినను, గోడను చూచినట్లే చూచితిని.

ఈ తడి నేల మొదటినుండి ఇట్లున్నది కాదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరము యొద్ద ఆర్థర్ కాటన్ దొర కట్టించిన ఆనకట్టయు, దానినుండి చీలిన కాలువలును మన పొలములను ఏడాది పొడుగునను తడిపినవి. అంతకు ముందు 1833 కరవులో ఈ తీరపు జిల్లాలలో జనులు ఎట్లు నశించిరో పెద్దలు చెప్పుకొనుచుండెడివారు. కొంగలకు మన చేలలో బల్ల వేసినది ఆ నీరే. మనకు అన్నము పెట్టినదియు అదే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు రావలసియున్నది.

అక్కడనుండి కోరంగి మడ అడవులకు పోతిమి. యానాము, కాకినాడల నడుమ 235 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ ప్రదేశమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. చొల్లంగి దగ్గర చెట్ల నడుమ చెక్కబాట వేసియున్నారు. మేము పోయిన వేళ సముద్రము పాటు తీసెను. బురదలోనుండి మడచెట్ల ఊపిరి వేళ్ళు వేలకొలది మేకులు నాటినట్లు పైకి నిలిచియుండెను. వాటి మధ్య పీతలు పరుగెత్తుచుండెను. ఒడ్డు చివరను చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కులు గ్రుచ్చుచు, అల వచ్చినప్పుడు వెనుకకు, అల పోయినప్పుడు ముందుకు గుంపుగా పరుగులిడుచుండెను. అవి సైబీరియా వంటి చలిదేశములనుండి వచ్చునవని మేనల్లుడు చెప్పెను. పిడికిట ఇముడు పిట్ట! దానికి దారి చెప్పినదెవరు?

“ఈ అడవిలో బావురుపిల్లి ఉంటుంది మామయ్యా, నీళ్ళలో దిగి చేపలు పడుతుంది,” అనెను. అది కనబడలేదు గాని బురదమీద అడుగుల గుర్తులు చూపెను. నా కంటికి అవి మా యింటి పిల్లి గుర్తులకన్న ఒకింత పెద్దవి, అంతే.

మడ అడవిని గూర్చి మాటలాడువారందరు దాని మేలు చెప్పుదురు. రొయ్య పిల్లలును చేప పిల్లలును ఆ వేళ్ళ సందున పెరుగునని, అవి లేనిచో భైరవపాలెము జాలరికి వేట లేదని చెప్పుదురు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమమీద పడి వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసినప్పటినుండి, గాలికిని ఉప్పెనకును అడ్డుగోడ ఈ చెట్లేయని మనవారు తెలిసికొనిరి. ఇదంతయు సత్యమే. అయితే ఒక్క సంగతి నాకు తట్టెను. నీటి పక్షికి వకీళ్ళు చాలమంది ఉన్నారు. పులికాటు సరస్సు దగ్గరి నేలపట్టు చెరువులో కడప చెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టును. వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలమునకు ఎరువని అక్కడి రైతులు వాటిని కాచుకొనుచు వచ్చిరి. మంచిదే. కాని ఎరువు కొరకు కాచిన పక్షి వెల గల పిచ్చుకయే. రేపు బస్తా ఎరువు చవుకగా దొరకినయెడల ఆ ప్రేమ ఏమగును?

మరునాటి సాయంకాలము రాజమహేంద్రవరములో రైలెక్కి నంద్యాలకు బయలుదేరితిమి. ఏలూరు దాటిన తరువాత మేనల్లుడు కిటికీలోనుండి దక్షిణపు దిక్కు చూపి, కొల్లేరు అటున్నదని చెప్పెను. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని 1999లో అభయారణ్యము చేసిరి. 2006లో దానిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము యంత్రములతో పగులగొట్టించెను. పక్షులకు మేలు జరిగెను. అప్పు తెచ్చి చెరువు వేసిన చిన్నవారి యిండ్లలో పొయ్యి ఆరెను. పక్షిని ప్రేమించువారు ఈ రెండవ సంగతిని త్వరగా దాటిపోవుదురు. ఆటపాకలో ఇప్పుడును గూడబాతులు వేలకొలది చేరును. వాటికన్న ముందు పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామమున గొప్ప గూడబాతుల స్థావరము ఉండెడిది. 1946లో నీలకంఠన్ అను మలయాళ పండితుడు దానిని చూచి లోకమునకు తెలిపెను. తరువాత అది పాడుబడినది.

గూడబాతు పేరు వినగానే నాకు 102వ కీర్తన తలంపునకు వచ్చెను. బాధలో ఉన్న భక్తుడు తన్ను అడవిలోని గూడబాతుతో పోల్చుకొనెను. నీటి పక్షికి ఎడారిలో ఏమి పని యని చిన్ననాట మా నాయనగారిని అడిగి మొట్టికాయ తింటిని. హెబ్రీ మాటకు అర్థము గూడబాతేనా, గుడ్లగూబ జాతిదేమో యని పండితులు తర్కించిరి. మన తెలుగు తర్జుమావారు గూడబాతనిరి. నాకు అదియే ఇష్టము. నీరు ఇంకిపోయిన చోట దిక్కుతోచక నిలిచిన గూడబాతుకన్న ఒంటరిది ఏది?

తెల్లవారి నంద్యాలలో దిగి నందికొట్కూరు వైపు బస్సులో పోయి, రోళ్ళపాడు చేరితిమి. కోనసీమవాని కంటికి అది మొదట వట్టి శూన్యము. కొబ్బరిచెట్టు లేదు, కాలువ లేదు, నీడ లేదు. మోకాలెత్తు ఎండుగడ్డి, నల్లరేగడి, అక్కడక్కడ తుమ్మ, దూరమున శనగచేలు. ఆకాశము మాత్రము మా యూరిలో కన్న రెండింతలున్నట్లు తోచెను. “ఇందులో చూడడానికి ఏముందిరా?” అని నేను విసుగుకొంటిని. “గంట సేపు కూర్చోండి మామయ్యా,” అనెను.

కూర్చుంటిమి. మొదట తీతువు అరచెను. తరువాత గడ్డిలోనుండి పూరేడు పిట్టలు బుర్రున లేచెను. కృష్ణజింకల మంద ఒకటి తలలెత్తి మమ్మును చూచి, గాలిలో తేలినట్లు గంతులు వేయుచు పోయెను. ప్రొద్దు వాలు వేళ గద్దల జాతివి కొన్ని, శీతాకాలము మాత్రమే వచ్చునవి, రెక్కలు కదల్పక గడ్డిమీద తక్కువ ఎత్తున సాగుచు, ఒక్కొక్కటిగా నేలమీదనే రాత్రి పడకకు దిగెను. చెట్టు లేనిచోట పక్షి నేలమీద నిద్రించునని నేను ఎన్నడును తలంపలేదు.

అయితే ఏ పక్షి కొరకు ఆ 614 హెక్టారులను 1988లో కేటాయించిరో ఆ పక్షి కనబడలేదు. దాని పేరు బట్టమేక పిట్ట. మనిషి నడుమెత్తు నిలుచును. మగది 15 కిలోలవరకు తూగును. ఎగురు పక్షులలో ఇంత బరువైనవి లోకములో కొద్దియే. ఏడాదికి ఒక్క గ్రుడ్డు, అదియు కటిక నేలమీద, గూడైనను లేకుండ. ఇప్పుడు దేశమంతటిలో అడవిలో మిగిలినవి నూట యేబదికి మించవని అంచనా. వాటిలోను ఎక్కువ భాగము రాజస్థానములోనివి. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత ఎదుటనున్న తీగెలను త్వరగా కనుగొనలేదు, బరువుచేత తప్పుకొననులేదు. కరెంటు తీగెలకు తగిలి చచ్చుచున్నందున 2021లో సుప్రీముకోర్టు కలుగజేసికొనవలసి వచ్చెను.

అక్కడి గట్టుమీద మేకలు కాచుచున్న ఒక పెద్దాయన మాతో మాట కలిపెను. “పిట్ట కోసరమని కంచె ఏసిరి సార్. జింకలు పెరిగె, పిట్ట ఎల్లిపాయె. ఇప్పుడు జింకలొచ్చి మా శనగ మేస్తాండాయి. ఎవురికి చెప్పుకోవాల?” అనెను. మేనల్లుడు తల దించుకొనెను. అతడు చెప్పినది వాస్తవమే. జింకలు కాపుదలలో వృద్ధి పొందెను. చుట్టుప్రక్కల మెట్టకు నీరు వచ్చి గడ్డినేల చేలుగా మారినప్పుడు బట్టమేకకు చోటు తగ్గెను. పక్షి వెడలిపోయిన తరువాతను పంట నష్టము మాత్రము ఆ పల్లెవారికి మిగిలెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గడ్డినేలకు మన దస్తావేజులలో పెట్టిన పేర్లు ఆలోచించితిని: బంజరు, బీడు, పోరంబోకు. పోరంబోకు అను మాటతో మనము మనుష్యులను కూడ తిట్టుదుము. శిస్తు రాని నేల పనికిమాలినదని వ్రాసిపెట్టినది ఎవరు? వసూలు చేయువాడు. యోబు గ్రంథములో దేవుడు సుడిగాలిలోనుండి మాటలాడినప్పుడు, మనుష్యుడెవడును లేని చోటను తాను వాన కురిపించి, పాడు నేలమీద లేతగడ్డి మొలిపింతునని తెలిపెను. ఎవరికొరకు? పన్ను కట్టువాడు అక్కడ లేడు, కోయువాడు లేడు. ఆ వాన మన లెక్కల ప్రకారము దండుగ. యోబుకు దుఃఖములో దొరకిన సమాధానములో ఈ దండుగ వానకు చోటుండుట నాకు వింతగా ఉన్నది.

నంద్యాలనుండి కడప వైపు పోయి, సిద్ధవటమునకును బద్వేలునకును నడుమ లంకమల కొండల అంచున రెండు సాయంకాలములు గడిపితిమి. అక్కడ గడ్డికూడ తక్కువ; రాతినేల, ముండ్లపొదలు, వాటి నడుమ ఖాళీ జాగాలు. ఆ పొదలలో ఒక పిట్ట ఉన్నది. మూరెడు పొడవైనను లేనిది. దినమంతయు దాగియుండి రాత్రి తిరుగునది. పేరు కలివి కోడి. లోకములో మన తెలుగుదేశపు ఈ పొదలలో తప్ప మరెక్కడను అది ఇప్పుడున్నట్లు ఋజువు లేదు. మద్రాసు సైన్యములో వైద్యుడైన జెర్డన్ దొర వలన 1848లో అది శాస్త్రజ్ఞులకు తెలిసెను. 1900లో అనంతపురము ప్రాంతమున హోవర్డ్ క్యాంబెల్ అనునాయన దానిని చూచెను. ఈయన లండన్ మిషను పాదిరి. కడప సీమలో సువార్త పని చేయుచు పక్షులను, సీతాకోకచిలుకలను ఎరిగినవాడు. ఆ తరువాత ఎనుబదియైదేండ్లు దానిని చూచితిమని చెప్పినవారు లేరు. అది నశించెనని పుస్తకములలో వ్రాసిరి.

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకనారంభించిరి. భరత్ భూషణ్ అను యువకుడు పల్లెలు తిరిగి బొమ్మ చూపి అడిగెను. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అను వేటగాడు రాత్రివేళ దీపము వెలుగున ఒక పిట్టను పట్టి తెచ్చెను. అదియే కలివి కోడి. పండితులు పగలు వెదకిరి. అది రాత్రి తిరుగునని ఎరిగినవాడు పిట్టలు పట్టి బ్రదుకువాడు. ఆ పట్టిన పిట్ట కొద్ది దినములకే చనిపోయెను. ఆ విచారమును చెప్పక దాటరాదు. కాని నశించెనన్న జాతి బ్రదికియున్నదని దాని వలననే తెలిసెను. ఈ సంగతి విన్నప్పుడు నాకు మా సంఘములోని సహోదరుడు జ్ఞాపకము వచ్చెను.

కొండ దిగువను ఒక టీ కొట్టు దగ్గర మరియొక సంగతి వింటిమి. కృష్ణ నీటిని చెన్నపట్టణమునకు చేర్చుచు దారిలో రాయలసీమను తడుపవలెనని 1983లో తెలుగుగంగ పథకము మొదలాయెను. దాని కాలువ త్రవ్వకము 2005లో కలివి కోడి పొదలలోనికి వచ్చెను. వివాదము ఢిల్లీ దాక పోయి, కాలువ దారి మార్చవలసి వచ్చెను. టీ కొట్టులో కూర్చున్న నడివయసు రైతు మేము ఎక్కడివారమని అడిగెను. గోదావరివారమంటిని.

“మీకు కాలవ ఉండాదా సామీ?”

“ఉందండి.”

“ఎన్నాళ్ళాయె?”

“నూట డెబ్బై ఏళ్ళు దాటిందండి.”

“మాకు ఇప్పుడొస్తాంటే, పిట్ట అడ్డమొచ్చె అంటిరే,” అని గ్లాసు క్రింద పెట్టెను. కోపముతో అనలేదు. అందుచేతనే నా నోట మాట రాలేదు. ఆనకట్ట కట్టినప్పుడు మన డెల్టాలో ఏ పిట్ట పోయెనో ఎవరును అడుగలేదు. నీరు త్రాగి బలిసినవాడు దప్పిగొన్నవానికి పిట్టను గూర్చి ప్రసంగము చేయుట ఎంత సులభము!

అయినను ఆ పిట్టయెడల నా తీర్పు మారలేదు. కాలువకు రెండు దారులు దొరకును. ఆ పిట్టకు మరియొక చోటు లేదు. దారి మళ్ళించుటకు అయిన ఖర్చు ఆ రైతు ఒక్కడే ఆలస్యము రూపమున చెల్లించుట న్యాయము కాదు. కొసరు పిచ్చుకకు వెల లేదు గాని, దానిని బ్రదుకనిచ్చుటకు ఖర్చు ఉన్నది. ఆ ఖర్చు ఎల్లప్పుడును చేను ఎండినవానిమీదను, వల తప్ప మరేమియు లేనివానిమీదను పడుచున్నది. నాకు తోచినంతలో, ముందు తీర్చవలసిన ఋణము మన బోటి వారిది. మన చేపల చెరువులమీద పక్షులు దిగకుండ కట్టిన వలలలో చిక్కి ఎన్ని చచ్చుచున్నవో గట్టున నడచువారెల్ల చూతురు. ఆ చెరువుల యజమానులలో మన మందిరములకు కానుకలిచ్చువారును కలరు. వారిని గూర్చి నేను ఏ ఆదివారమునను మాటలాడలేదు. వాక్యము చెప్పినది కూలివాడు వినుచుండగా.

చీకటి పడువరకు అడవి అంచున చెవులు రిక్కించుకొని నిలిచితిమి. చాలయేండ్లు జాడలేని ఆ పిట్ట కూతను 2025 ఆగస్టులో మరల విని రికార్డు చేసిరట. మేము నిలిచిన రెండు సాయంకాలములును అది కూయలేదు. కీచురాళ్ళ ధ్వని, దూరమున ఒక బస్సు, అంతే. వినబడని దానికొరకు అంత సేపు నిలుచుట నాకు జీవితములో అదియే మొదటిసారి.

తిరుగు ప్రయాణమున ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తీసితిని. దారిలో గూడు కనబడినయెడల పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని విడిచిపెట్టవలెనని అక్కడ ఆజ్ఞ. వేట మానుమని దానిలో లేదు. ఆకలిగొన్నవాని చేతిని అది కట్టివేయలేదు. కాని ఆ చేతికి ఒక హద్దు గీసెను. పొలము గట్టున ఎవరును చూడనిచోట, పట్టుకొనగలిగిన తల్లిని పోనియ్యవలెను. దానికి వాగ్దానము చేయబడిన దీర్ఘాయువు తలిదండ్రులను సన్మానించువానికి చేయబడినదే. యూదుల మిష్నాలో హుల్లీను అను భాగమున ఈ ఆజ్ఞను ఒక కాసు ఖరీదు చేయు తేలికైన ఆజ్ఞగా లెక్కించిరి. ప్రభువు పిచ్చుకలకు చెప్పిన కాసు అదే నాణెము. ఆ మాట చదివిన తరువాత చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని.

ఊరికి చేరిన మూడవ దినమున ఆ సహోదరుని యింటికి పోతిని. పక్షులను పట్టుట 1972 చట్టము ప్రకారము నేరమని అతనికి తెలియును. ఆ మాట చెప్పుటకు నేను పోలేదు. ముందుగా ఆ క్రిస్మసు పరజల సంగతి ఎత్తి, కొన్నవాడను నేనేనని ఒప్పుకొంటిని. అతడు నవ్వి, “పోనిద్దురూ మేష్టారూ,” అనెను. తరువాత ఐతన్న కథ చెప్పితిని. మంచముమీదినుండి లేచి కూర్చుండి వినెను. రాత్రి దీపము పెట్టి పట్టెననగానే, “అదేనండి, పగలు ఎతికితే ఎలా దొరుకుద్దండీ,” అని తొడ చరచెను. అయిదవ పిచ్చుక లెక్క చెప్పినప్పుడు మాత్రము ఏమియు అనలేదు. వ్రేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టుకొనెను.

తరువాతి వారము నా మేనల్లుడు కాలువ అవతలి తోపులో రాత్రి బస చేయు కొంగలను లెక్కించుటకు వచ్చెను. ఏ తోపులో ఏవి దిగునో, ఏ వేళకు లేచునో ఆ సహోదరుడే దారి చూపెను. తెల్లవారకమునుపు మంచులో ముగ్గురమును గట్టున నిలిచితిమి. తూర్పు తెల్లబడగానే కొంగలు పదులుగా, ఇరువదులుగా లేచి చేలవైపు సాగెను. మేనల్లుడు పుస్తకములో వ్రాసికొనుచుండెను. “రెండొందల పన్నెండు,” అనెను అతడు. “పదమూడండి,” అని సహోదరుడు తోపులోనికి వ్రేలు చూపెను. కొమ్మల అడుగున గుడ్డికొంగ ఒకటి ఇంకను కదలక కూర్చుండియుండెను.

అతని వల నేటికిని వారి యింటి చూరునకు వ్రేలాడుచున్నది. దానిని గూర్చి నేను అడుగలేదు, అతడును చెప్పలేదు. చేపల చెరువుల సంగతి వచ్చే నెల పెద్దల కూడికలో ఎత్తవలెనని వ్రాసి పెట్టుకొంటిని.